చుక్కల ముగ్గుకు కూడా ఫార్ములా ఉంది: ఓఈఐఎస్ సైటు మీద ఒక ట్యూషన్ టీచర్ రివ్యూ

పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ముందే చెప్పేస్తాను. ఓఈఐఎస్ ఉచితం. లాగిన్ అక్కర్లేదు, ప్రకటనలు లేవు, పాత ఫోన్‌లో కూడా టక్కున తెరుచుకుంటుంది. మీకు కచ్చితంగా పనికొస్తుంది. పిల్లాడి చేతికి మాత్రం నేరుగా ఇవ్వకండి. ఎందుకో కింద చెబుతాను.

దాని పూర్తి పేరు ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇంటీజర్ సీక్వెన్సెస్. పేరు చూసి బెదరక్కర్లేదు. ఒక పెట్టె ఉంటుంది, అందులో కొన్ని సంఖ్యలు కామాలు పెట్టి టైపు చేయాలి. ఆ వరుస ఇంతకు ముందు ఎక్కడెక్కడ ఎదురైందో, తర్వాతి సంఖ్యలేమిటో, ఫార్ములా ఏమిటో, దాని గురించి ఎవరెవరు ఏం రాశారో చూపిస్తుంది. మూడున్నర లక్షలకు పైగా వరుసలున్నాయి. ఒక్కోదానికి ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంతో మొదలయ్యే ఆరంకెల నంబరు ఉంటుంది. 1, 3, 6, 10, 15 కొడితే ఏ000217 వస్తుంది. 1, 4, 9, 16 అయితే ఏ000290.

నేను తెనాలిలో ఇంటి వరండాలో ట్యూషన్ చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి దాకా, సగం మంది తెలుగు మీడియం, సగం మంది ఇంగ్లీషు మీడియం. ఆరో తరగతిలో బీజగణితం మొదలయ్యేది అగ్గిపుల్లలతో. ఒక చతురస్రానికి 4 పుల్లలు, పక్కన ఇంకోటి అతికిస్తే 7, మూడోదానికి 10. ‘న’ చతురస్రాలకు ఎన్ని పుల్లలు? పిల్లలందరూ ఠక్కున 3న + 1 అంటారు. గైడులో ఉంది, నోటికి వచ్చింది. “సరే, ఇందులో ‘న’ అంటే ఏంట్రా?” అని అడిగితే మాత్రం నిశ్శబ్దం. ఎవరో ఒకరు “న అంటే చరరాశి మేడమ్” అంటారు. చరరాశే, కాదనను. అది దేన్ని లెక్కపెడుతోంది? చతురస్రాల్నా, పుల్లల్నా? దానికి జవాబు రాదు. బీజగణితంలో నాకు ఎప్పుడూ కష్టమనిపించేది ఈ చోటే. సమీకరణం సాధించడం నేర్పొచ్చు. అక్షరం దేనికి పెట్టాలో నేర్పడమే గగనం.

ఈ సైటు ఆ విషయంలో నాకు అక్కరకొచ్చింది, అదీ తను అనుకోకుండానే.

మా అత్తయ్యగారి దగ్గర ముగ్గుల నోటుబుక్కు ఉంది. ప్రతి ముగ్గు కింద ఒక వాక్యం రాసి ఉంటుంది: “15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క.” తెలియనివాళ్ళకు చెబుతాను. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టాలి. దాని పైన, రెండేసి చుక్కల సందుల్లో 14, ఆ పైన 13, అలా 8 వచ్చేదాకా. కిందికి కూడా అంతే. చుక్కలన్నీ పెట్టాక ఆరు పలకల ఆకారం వస్తుంది. ధనుర్మాసంలో ఒకరోజు ట్యూషన్‌కి కొంచెం ముందుగా వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి, వాకిట్లో ముగ్గు చూసి, “మొత్తం ఎన్ని చుక్కలు మామ్మగారూ?” అంది. “ఎన్నైతే ఏంటే, చుక్క తప్పకుండా ఉంటే చాలు,” అన్నారు అత్తయ్య. నాకు మాత్రం ఆ రోజు పాఠం దొరికింది.

మధ్య వరుస 15. పైన 14, 13, 12, 11, 10, 9, 8 కలిపితే 77. కిందా అంతే. 15 + 77 + 77 = 169. అంటే 13 వర్గం. ముగ్గులో చతురస్రం ఎక్కడా లేదు, వర్గ సంఖ్య ఎలా వచ్చిందని పిల్లలు బోలెడు ఆశ్చర్యపోయారు. అది కాకతాళీయం. చిన్న ముగ్గులు చూడండి. 3 చుక్కలు 2 వరకు అయితే 7. 5 నుంచి 3 వరకు 19. 7 నుంచి 4 వరకు 37. 9 నుంచి 5 వరకు 61. వీటిలో ఏదీ వర్గం కాదు. ఒక్క చుక్కను కూడా ముగ్గే అనుకుంటే వరుస ఇలా మొదలవుతుంది: 1, 7, 19, 37, 61.

దీన్ని ఓఈఐఎస్‌లో కొట్టాం. ఏ003215 అనే పేజీ వచ్చింది. హెక్స్ సంఖ్యలట. మేము లెక్కపెట్టిన 91, 127, 169 అన్నీ అక్కడ వరుసగా ఉన్నాయి. పైనే ఫార్ములా: 3 × న × (న + 1) + 1.

ఎనిమిదో తరగతి అమ్మాయి వెంటనే ‘న’ చోట 8 పెట్టింది. “ఎనిమిది వరకు” అన్నారుగా మరి. 3 × 8 × 9 + 1 = 217. “సైటులో తప్పుంది మేడమ్!” అని కేక. 217 ఆ వరుసలో ఉన్న సంఖ్యే, మన ముగ్గుది మాత్రం కాదు, దాని తర్వాతి ముగ్గుది. ‘న’ చోట 7 పెట్టి చూడమన్నాను. 3 × 7 × 8 + 1 = 169. వచ్చింది.

మరి 7 ఎక్కడి నుంచి వచ్చింది? ముగ్గులో ఏడు దేన్ని లెక్కపెడుతోంది? ఆ రోజు పాఠమంతా ఈ ఒక్క ప్రశ్నే. వాకిట్లోకి వెళ్ళి చూశారు. నట్టనడుమ ఒక చుక్క. దాని చుట్టూ 6 చుక్కల వలయం. దాని చుట్టూ 12. తర్వాత 18. అలా ఏడు వలయాలు. సైటులో ‘న’ అంటే నడి చుక్క చుట్టూ ఉన్న వలయాలు. అత్తయ్య లెక్కలో చివరి వరుసలోని చుక్కలు. ఒకే ముగ్గు, ఒకే 169, అక్షరం అర్థం వేరు. చివరి వరుస చుక్కల్ని ‘న’ అనుకుంటే ఫార్ములా 3న² − 3న + 1 అవుతుంది. 8 పెట్టి చూడండి: 192 − 24 + 1, మళ్ళీ 169.

ఇంతటితో ఆగలేదు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు, “అసలు మామ్మగారు మొదట చెప్పేది 15 కదా, దానికే అక్షరం పెడదాం,” అన్నాడు. మంచి ప్రశ్న. మధ్య వరుసని ‘మ’ అనుకుంటే మొత్తం చుక్కలు (3మ² + 1) ÷ 4. 15 వర్గం 225, మూడు రెట్లు 675, ఒకటి కలిపితే 676, నాలుగో వంతు 169. ఇక్కడ ‘మ’ బేసి సంఖ్యే కావాలి, లేకపోతే ఈ ముగ్గే కుదరదు. అలా ఒక ముగ్గుకు మూడు ఫార్ములాలు వచ్చాయి, మూడూ సరైనవే. ఏ అక్షరం ఎందుకు పెట్టామో పక్కన ఒక వాక్యం రాయకపోతే మూడూ చూసేవాళ్ళకు అర్థం కావు.

ఓఈఐఎస్ వాళ్ళకు ఈ చిక్కు బాగా తెలుసు. ప్రతి పేజీలో ఆఫ్‌సెట్ అని ఒక చిన్న గడి ఉంటుంది. అందులో రెండు అంకెలుంటాయి. మొదటిది చూస్తే చాలు: ఈ వరుసలో మొదటి సంఖ్య ‘న’ ఎంత ఉన్నప్పటిది అని చెబుతుంది. హెక్స్ సంఖ్యల పేజీలో అది 0. అంటే ఒంటి చుక్కకు న = 0. పేజీలో చాలామంది కళ్ళు దాటేసి పోయే గడి ఇది. నాకు మాత్రం ఈ సైటులో అన్నిటికన్నా విలువైనది అదే. మన పాఠ్యపుస్తకాల్లో అమరికల లెక్క కింద ఇలాంటి గడి ఒకటి ఉంటే ఎంత బాగుండేదో.

అగ్గిపుల్లల లెక్కకీ ఇదే తంతు. 4, 7, 10, 13, 16 కొడితే వచ్చేవాటిలో ఏ016777 ఉంటుంది, 3న + 1. అక్కడ వరుస 4తో మొదలవదు, 1తో మొదలవుతుంది. ఆఫ్‌సెట్ 0. అంటే సున్నా చతురస్రాలకు ఒక అగ్గిపుల్ల! “చతురస్రమే లేనప్పుడు పుల్ల ఎందుకు మేడమ్?” అని పేచీ. ఆ ఒక్క పుల్ల ఎడమ పక్క నిలబెట్టిన మొదటి గోడ. తర్వాత ప్రతి చతురస్రానికీ మూడే కొత్త పుల్లలు. ఫార్ములాలో 1 ఎందుకుందో, 3 ఎందుకుందో రెండూ ఒకేసారి తెలిసిపోతాయి. ఇది గైడులో దొరకదు.

హెక్స్ సంఖ్యల పేజీలో ఇంకో ముక్క కూడా ఉంది, చెప్పకుండా ఉండలేను. ఈ సంఖ్యలు పక్కపక్క ఘనాల తేడాలట. 8 − 1 = 7. 27 − 8 = 19. 64 − 27 = 37. ఎందుకలా? ఇంట్లో రూబిక్స్ క్యూబ్ ఉంటే మూడు ముఖాలు ఒకేసారి కనబడేలా మూల నుంచి చూడండి. మొత్తం 27 చిన్న ఘనాలు. వెనక దాక్కున్నవి 2 × 2 × 2, అంటే 8. కనిపించేవి 19. వాటిని నేలమీద చుక్కలుగా పెడితే 5 నుంచి 3 వరకు సందు చుక్క ముగ్గు. ఇది చూపించినప్పుడు అత్తయ్య కూడా కళ్ళజోడు పెట్టుకుని క్యూబ్ తిప్పి తిప్పి లెక్కపెట్టారు.

సైటు చరిత్ర క్లుప్తంగా. నీల్ స్లోన్ అనే గణితవేత్త 1964లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు 0, 1, 8, 78, 944 అని మొదలయ్యే వరుస ఒకటి తన పనిలో ఎదురైంది. దాని ఫార్ములా వెతుక్కుంటూ, దొరికిన వరుసలన్నీ కార్డుల మీద రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. 1973లో అది 2,372 వరుసల పుస్తకమైంది. 1995లో సైమన్ ప్లూఫ్‌తో కలిసి ఇంకా పెద్ద పుస్తకం. 1996లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. 2009లో ఫౌండేషన్ పెట్టి దానికి అప్పగించారు. ఇప్పుడు ఎవరైనా అకౌంటు తెరిచి కొత్త వరుస పంపొచ్చు. వాలంటీర్ ఎడిటర్లు చూసి, సరిచేసి, నచ్చితేనే ఎక్కిస్తారు. ఖర్చు విరాళాల మీద నడుస్తుంది.

“తర్వాతి సంఖ్య ఏది?” అనే ప్రశ్న విషయంలో ఈ సైటు నా నమ్మకాల్ని కొంచెం కదిలించిందనే చెప్పాలి. గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, రైల్వేకి చదివే పిల్లలు రీజనింగ్‌లో ఇవే చేస్తుంటారు. 1, 2, 4, 8, తర్వాత ఏది? 16 అంటారు. ఓఈఐఎస్‌లో ఆ నాలుగు సంఖ్యలు కొట్టండి, జవాబులు పేజీలకు పేజీలు వస్తాయి. ఒక పెద్ద మైసూర్‌పాక్ ముద్దని కత్తితో ఒక్కసారి కోస్తే 2 ముక్కలు, రెండుసార్లకు 4, మూడుసార్లకు 8. ముక్కల్ని కదపకుండా నాలుగోసారి కోస్తే? ఎంత తెలివిగా కోసినా 15కు మించి రావు. ఏ000125, కేక్ సంఖ్యలని పేరు. అక్కడ 1, 2, 4, 8 తర్వాత 15.

పోనీ 16 కూడా ఇచ్చేద్దాం. 1, 2, 4, 8, 16. ఇప్పుడైనా 32 ఖాయమా? వృత్తం మీద కొన్ని బిందువులు పెట్టి, ప్రతి జంటనీ సరళరేఖతో కలిపి, లోపల ఎన్ని భాగాలయ్యాయో లెక్కపెట్టండి. ఒక బిందువుకు 1, రెంటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరు బిందువులకు 31. ఏ000127. పిల్లలెవ్వరూ నమ్మలేదు. అందరి చేతా కంపాస్‌తో గీయించాను. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆరు బిందువుల్నీ సమాన దూరాల్లో పెడితే మూడు పెద్ద గీతలు కేంద్రంలో కలుసుకుని ఒక భాగం మాయమై 30 వస్తుంది. కొంచెం అటూ ఇటూ జరిపి పెట్టాలి.

పరీక్షలో 16 తర్వాత 32 పెట్టి రండి, వాదించకండి, మార్కు పోతుంది. బీజగణితం నేర్పేటప్పుడు మాత్రం నాలుగైదు సంఖ్యలు చూసి ఫార్ములా రాసేయడం చాలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. సంఖ్యలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ కథ కావాలి. అగ్గిపుల్లలు, చుక్కలు, కత్తిగాట్లు, ఏదో ఒకటి.

ఈ కథ దగ్గరే సైటు పరిధి అయిపోతుంది. రాత లెక్కలకు అది పనికిరాదు, దాని ఉద్దేశమూ అది కాదు. ఒక లెక్క ఇచ్చాను: ఆటోకి మొదటి కిలోమీటరుకు 30 రూపాయలు, ఆ తర్వాత ప్రతి కిలోమీటరుకు 15. ‘న’ కిలోమీటర్లకు ఎంత? ఏడో తరగతి పిల్లాడు చక్కగా పట్టిక వేశాడు: 30, 45, 60, 75, 90. ఇంటికెళ్ళి వాళ్ళ నాన్న ఫోన్‌లో ఓఈఐఎస్ తెరిచాడు. అక్కడ 15 గుణిజాలు కనిపించాయి. మర్నాడు నోటుబుక్కులో 15న అని రాసుకొచ్చాడు. “అయితే ఒక కిలోమీటరుకు పదిహేనేనా? ఆటో అతను ఊరుకుంటాడా?” అన్నాను. 15, 30, 45 అనే వరుసలో 30 నుంచి మొదలుపెడితే వీడి పట్టిక సరిగ్గా అతుకుతుంది. సంఖ్యలు అవే. 30 అనేది ఒకటో కిలోమీటరుది అన్న సంగతి సైటుకెలా తెలుస్తుంది? మనం చెప్పలేదుగా.

సరైన జవాబు 15న + 15 అనొచ్చు, 15(న + 1) అనొచ్చు. నాకైతే 30 + 15(న − 1) అని రాస్తేనే తృప్తి. మొదటి కిలోమీటరుకు 30, మిగిలిన న − 1 కిలోమీటర్లకు పదిహేనేసి. లెక్కలోని మాటలన్నీ ఫార్ములాలో కనిపిస్తున్నాయి. తర్వాత సూక్ష్మీకరించండి, ఎవరూ వద్దనరు. సూక్ష్మీకరించిన రూపమే మొదట చూపిస్తే ఆటో, కిలోమీటరు రెండూ ఎగిరిపోతాయి. ఓఈఐఎస్‌లో దొరికేది ఎప్పుడూ ఆ చివరి రూపమే.

ఇంకో రకం రాత లెక్కలకైతే సైటు అసలు తెరవక్కర్లేదు. తండ్రి వయసు 36, కొడుకు వయసు 8, ఎన్నేళ్ళకు తండ్రి వయసు కొడుకు వయసుకు మూడు రెట్లవుతుంది? కావలసిన ఏళ్ళను ‘క’ అనుకుంటే 36 + క = 3(8 + క). క = 6. అప్పటికి తండ్రికి 42, కొడుక్కి 14. ఇక్కడ అక్షరం ఒకే ఒక్క సంఖ్యకు ముసుగు. ముగ్గు లెక్కలో ‘న’ ఎంతైనా కావచ్చు, ముగ్గు పెద్దదవుతుందంతే. ఈ తేడా చెప్పకుండా రెండిటినీ ఒకే అధ్యాయంలో కుక్కేస్తే పిల్లలు ప్రతి అక్షరానికీ “విలువ కనుక్కో మేడమ్” అంటూ కూర్చుంటారు. 3న + 1 చూసి న = −1/3 అని రాసినవాళ్ళు నా దగ్గర ఉన్నారు. సమానం గుర్తు ఎక్కడుందో వాళ్ళకే తెలియాలి.

సంఖ్యలతోనే కాకుండా మాటలతోనూ వెతకొచ్చు. హ్యాండ్‌షేక్ అని ఇంగ్లీషులో కొడితే త్రిభుజ సంఖ్యల దగ్గరికి తీసుకెళ్తుంది. ‘న’ మంది ఒకరితో ఒకరు ఒక్కోసారి చేతులు కలిపితే ఎన్ని? మనకది కబడ్డీ లీగ్ లెక్క: 8 జట్లు, ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఒక్కోసారి ఆడితే 28 ఆటలు. కప్రేకర్ అని కొట్టండి. మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూల్ టీచరుగా పనిచేసిన డి.ఆర్. కప్రేకర్ పేరు మీద వరుసలు వస్తాయి. 45 వర్గం 2025, 20 + 25 = 45. 297 వర్గం 88209, 88 + 209 = 297. స్కూల్ టీచర్ పేరు ప్రపంచమంతా వాడే సంఖ్యల పట్టికలో చూసి నాకు కలిగిన ఆనందం నా ట్యూషన్ పిల్లలకు అర్థం కాలేదు గానీ, మీకు అర్థమవుతుందనుకుంటా.

తెలుగు పండితుల్ని కూడా ఈ సైటు దగ్గరికి లాగొచ్చు. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా కూర్చొచ్చు? నల, భ, జ, స, గగ. ఐదు. మూడు మాత్రలకు న గణం, గల, లగ. మూడు. రెండింటికి రెండు, ఒకదానికి ఒకటి. ఐదు మాత్రలకు ఎనిమిది. మొత్తం మాత్రలు ‘న’ అనుకుంటే, చివర లఘువు ఉంటే ముందున్నది న − 1 మాత్రలు, చివర గురువు ఉంటే న − 2 మాత్రలు, అందుకే ముందున్న రెండూ కలిపితే తర్వాతిది. 1, 2, 3, 5, 8 కొట్టండి. ఏ000045 వస్తుంది, అదే ఫిబొనాచ్చి వరుస. వీటిని హేమచంద్ర సంఖ్యలని కూడా అంటారని అక్కడ రాసి ఉంటుంది. ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పుస్తకం 1202 నాటిది, మన జైన పండితుడు హేమచంద్రుడు అంతకు ముందువాడు, పైగా ఆయన ఈ వరుస దగ్గరికి వచ్చింది కూడా ఛందస్సు లెక్కతోనే. పదో తరగతి పిల్లలకు ఇది చెబితే తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్ళి ఆరు మాత్రల జాబితా రాయించుకొచ్చారు. పదమూడూ ఉన్నాయి.

ఇక సైటు పైపై సంగతులు. రూపం పాతకాలం నాటిది. తెల్ల పేజీ, చిన్న అక్షరాలు. ఫార్ములాలు కంప్యూటర్ పద్ధతిలో ఉంటాయి, గుణకారానికి నక్షత్రం గుర్తు (*), ఘాతానికి టోపీ గుర్తు. మొదటిసారి చూసే పిల్లలకు తికమక. ఫిబొనాచ్చి లాంటి ప్రసిద్ధ వరుసల పేజీలు ఫోన్‌లో కిందికి లాగుతూ ఉంటే తరగవు. మనకు కావలసినవి నాలుగే: పేరు, సంఖ్యలు, ఆఫ్‌సెట్, వ్యాఖ్యల్లో మొదటి పది వాక్యాలు. కింద ఉన్న ప్రోగ్రాములు, పరిశోధన పత్రాల జాబితా వదిలేయండి. కీలకపదాల్లో ‘ఈజీ’, ‘నైస్’ అని ఉన్నవి పిల్లల కోసం ఏరుకోవడానికి బాగుంటాయి. గ్రాఫ్ అనే మీట నొక్కితే బొమ్మ వస్తుంది. లిజన్ నొక్కితే వరుసని సంగీతంలా వాయిస్తుంది. బేసి సంఖ్యలు మెట్లెక్కుతున్నట్టు వినిపిస్తాయి. దీని వల్ల చదువు ఎంత వచ్చిందో తెలియదు గానీ, మా వరండాలో ఆ మీటకున్న గిరాకీ దేనికీ లేదు.

పేజీల్లో సమాచారమంతా ఇంగ్లీషే. అదీ గణితవేత్తలు గణితవేత్తల కోసం రాసుకున్న ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలు ఒంటరిగా చదవలేరు, ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా చదవలేరు. అందుకే పక్కన టీచరో, అన్నో, అక్కో ఉండాలి.

పిల్లాడి చేతికి నేరుగా ఇవ్వొద్దని మొదట అన్నది ఒక్క భాష గురించే కాదు. ఐదు సంఖ్యలు కొడితే ఫార్ములా దొరికిపోతుంటే, తేడాలు తీసి చూడటం, పట్టిక వేయడం, “ప్రతిసారీ ఏం పెరుగుతోంది?” అని ఆలోచించడం మానేస్తారు. మా దగ్గర ఒక నియమం పెట్టాను. ఫోన్ తెరవడానికి ముందు నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి: ‘న’ అంటే ఏమిటి, జవాబు దేన్ని లెక్కపెడుతుంది. ఆ తర్వాత సొంత ఫార్ములా. ఆ తర్వాతే ఓఈఐఎస్. రెండూ ఒకటే అయితే సంతోషం. వేరైతే ఇంకా సంతోషం, ఎందుకంటే అప్పుడు ఆఫ్‌సెట్ చూసి ఒకదాన్ని రెండోదిగా మార్చే పని ఉంటుంది. 3న(న + 1) + 1లో ‘న’ బదులు న − 1 పెడితే 3న² − 3న + 1 వస్తుందని చేసి చూపించడం ఎనిమిదో తరగతికి మంచి అభ్యాసం.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. టీచర్లకు, ఎనిమిదో తరగతి, ఆ పై పిల్లలకు, లెక్కలంటే సరదా ఉన్న పెద్దవాళ్ళకు. ఆరు, ఏడు తరగతులకు అగ్గిపెట్టె, ముగ్గుపిండి చాలు.

వాడేవాళ్ళకు ఒక చిట్కా. మూడు నాలుగు సంఖ్యలతో వెతికితే వేల ఫలితాలొస్తాయి, ఆరైనా ఇవ్వండి. మొదటి సంఖ్య వదిలేసి రెండోదాని నుంచి కొట్టడం మేలు. వరుసని కొందరు సున్నా నుంచి మొదలుపెడతారు, కొందరు ఒకటి నుంచి. మీ మొదటి సంఖ్య వాళ్ళ పేజీలో ఉండకపోవచ్చు.